మిరుగానికొక సాలు

సర్కారు ఉమ్మడి భూముల చట్టం తెస్తోందన్న కబురు రాగానే ఊరంతా దానికి జై కొట్టింది. జై కొట్టడానికి ఏం పోతుంది? నీళ్లు నిలిచే చెరువు శిఖం, పశువులు మేసే బంచరాయి, బండ్ల బాటలు, వీటన్నిటినీ బాగుచేసి కాపాడడానికి ఏటా నిధులిస్తారట. చెట్లు పెడతారట, నీళ్ల తొట్లు కడతారట, చుట్టూ కంచె వేస్తారట. రుద్రూర్ పక్కనున్న ఆ ఊళ్లో మద్దతు పత్రం మూడు రోజుల్లో సంతకాలతో నిండిపోయింది. అందులో మొదటి సంతకం సాయన్నది.

సాయన్న డెబ్బై ఏళ్లకు దగ్గరపడిన పసుపు రైతు. మాట తప్పడని పేరు. నలుగురిలో ఏ తగువు వచ్చినా ఆయన వచ్చేదాకా ఆగుదాం అనేవాళ్లు. ఆ పేరంటే ఆయనకు చాలా ఇష్టం, పైకి ఒప్పుకోడు గానీ.

చిక్కు తర్వాత వచ్చింది. ఊరి అభిప్రాయం వినడానికి జిల్లా నుంచి అఖిల అనే అధికారి వస్తుందని, మద్దతుతో పాటు పంచనామా కూడా కావాలని సర్పంచ్ భానుప్రసాద్ చెప్పాడు. బంచరాయి హద్దులు సరిగ్గా ఉన్నాయో లేవో ఊరివాళ్లే రాసివ్వాలి. సరిగ్గా ఉన్నాయని రాస్తే ఇప్పుడున్న నేల చుట్టూ కంచె పడుతుంది, ఇక అదే లెక్క. లేవని రాస్తే సర్వేయర్ వచ్చి కొలుస్తాడు, ఎవరు ఎంత కలుపుకుంటే అంత వదలాలి. కాగితం మీద బంచరాయి నలభై రెండెకరాలు. నేల మీద ఇరవై కూడా లేదు.

ఉన్నాయనే రాద్దామని భానుప్రసాద్ ఇల్లిల్లూ తిరిగి ఒప్పించాడు. పెద్దగా ఒప్పించాల్సిన అవసరం కూడా లేకపోయింది. పెద్దమనిషిగా ఆ మాట సభలో సాయన్న చెప్పాలి, అంతే.

సాయన్న చేను బంచరాయిని ఆనుకొని ఉంటుంది. ఏటా తొలకరి మిరుగం కార్తెలో దున్నకం మొదలుపెట్టినప్పుడు తొలి సాలు ఒక్క అడుగు అవతలికి జరిపేవాడు. ఒక్క సాలే. దానికి ఎవరు మాత్రం అడుగుతారు? నాలుగో ఏడు హద్దురాయి అరకకు అడ్డం వస్తోందని పీకి గట్టు మీద పడేశాడు. నలభై మిరుగాలు గడిచేసరికి పది గుంటల నేల కలిసింది. కాలువ చివరి భూమి కావడంతో నీళ్లు అందక మూడు బోర్లు వేస్తే రెండు ఎండిపోయాయి. నీళ్లు పడ్డది ఆ కలుపుకున్న ముక్కలోనే. ఇవాళ ఆయన మూడెకరాల పసుపుకూ ఆ బోరే ప్రాణం. తాను చేసింది దొంగతనమని ఏ ఒక్క ఏడూ ఆయనకు అనిపించలేదు.

మొన్న చలికాలంలో అనిపించింది. చంద్రవ్వకు గుంటెడు భూమి లేదు, ఉన్నవి మేకలే. భర్త పోయాక వాటిని తనే కాస్తోంది. బంచరాయిలో మేత చాలక బోధన్ రోడ్డు పక్కన మేపుతుంటే చెరకు ట్రాక్టర్ తగిలి మూడు మేకలు చచ్చిపోయాయి. అటుగా వస్తున్న సాయన్న ఆగాడు. ఒక మేక చూలుతో ఉంది. దాన్ని రోడ్డు మీంచి పక్కకు ఎత్తి పెట్టింది ఆయనే. ఆ బరువు ఇంకా చేతుల్లోనే ఉంది.

సభ రోజు పొద్దున కొడుకు నితీష్ చాయ్ తెచ్చిచ్చి పక్కన కూర్చున్నాడు. వాడికి ఇద్దరు పిల్లలు, పట్నం పోకుండా ఈ నేలనే నమ్ముకున్నవాడు.

"బాపు, గా బోరు పోతే మనకు ఎవుసం లేదు. నీకు తెల్వంది కాదు," అన్నాడు మెల్లగా.

సాయన్న తలూపాడు. కొడుకు మాటలో తప్పేమీ లేదు, అదే కష్టం.

పంచాయతీ ముందు షామియానా కింద సభ నిండుగా జరిగింది. చట్టం ఎంత మంచిదో ఒకరి తర్వాత ఒకరు చెప్పారు. కోస్తా నుంచి వచ్చి స్థిరపడిన జగ్గారావు గారైతే రేపటి తరాల గురించి పది నిమిషాలు మాట్లాడారు. చప్పట్లు మోగాయి. అఖిల పంచనామా కాగితం తీసి, హద్దుల సంగతి పెద్దవాళ్లు చెప్పాలంది. అందరూ సాయన్న వైపు చూశారు.

ఆయన లేచాడు. ఆడవాళ్ల వరసలో చివర కూర్చున్న చంద్రవ్వ కనిపించింది. ఆమె ఏమీ అడగలేదు, చప్పట్లు కొట్టలేదు, చేతులు ఒళ్లో పెట్టుకొని కూర్చుంది. సాయన్న అనుకొచ్చిన మాట మార్చుకున్నాడు.

"హద్దులు సరిగ్గ లేవు మేడం," అన్నాడు. "వేరేటోళ్ల సంగతి నేను చెప్ప. మిరుగానికొక సాలు లెక్కన నలభై ఏండ్లు బంచరాయిల అరక తోలిన. నా బోరు గూడ గా జాగలనే ఉన్నది. రాసుకోండ్రి."

అఖిల రాసుకుంది, ఇంకెవరైనా చెబుతారా అని అడిగింది. ఇందాక చప్పట్లు కొట్టిన చేతుల్లో ఒక్కటి కూడా లేవలేదు. ఒక్కడి మాట చాలు, ఊరంతా కొలుస్తారని తెలిసి భానుప్రసాద్ మొహం నల్లబడింది. సాయన్న సంతకం పెట్టేసరికి నితీష్ బండి వేసుకొని వెళ్లిపోయాడు. తండ్రి వైపు చూడలేదు.

జనం ఆయనను తప్పించుకొని పోతుంటే సాయన్న పంచాయతీ మెట్టు మీద కూలబడ్డాడు. కొడుకు వెళ్లిన దారే చూస్తున్నా, లోపల ఎక్కడో కొంచెం గర్వం కూడా లేకపోలేదు. ఎవరికీ తెలియని తప్పును తనంతట తానే ఒప్పుకున్నాడు కదా.

చంద్రవ్వ వచ్చి ఎదురుగా నిలబడింది. దండం పెడుతుందేమోనని ఆయన భయపడ్డాడు.

"నువ్వు సాలు జరుపుడు మా ఆయన ఏటేటా సూసిండన్నా," అంది. "పానం పోయే ముందు గూడ అన్నడు, సాయన్నను అడగకు, సిగ్గుపడతడని."

కొంగు సవరించుకొని వెళ్లిపోయింది. అంతమంది ముందు నిలబడి చెప్పినప్పుడు రాని సిగ్గు అప్పుడొచ్చింది. సాయన్న రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు.