దిండ్లాయన లేబుళ్లు

ఆ వీధిలో దిండ్లాయన పిరికివాడన్న సంగతి తెలియనిది ఒక్క దిండ్లాయనకే. తనది పిరికితనం కాదు, పరువు అనుకునేవాడు.

"మంచి సరుకుంటే జనం వెతుక్కుంటూ వస్తారు. అరిచి అమ్ముకునే ఖర్మ మనకేంటి?" అనేవాడు, వెనకగదిలో ముక్కుకి గుడ్డ కట్టుకుని దూది ఏకుతూ. ఎవరు వెతుక్కుంటారు, ఎలా వెతుక్కుంటారు? కొట్టుకి బోర్డు లేదు. బోర్డు పెడితే చూసినవాళ్లు నవ్వుతారేమోనని భయం. ఫోనేమో మోగినా వినపడకుండా దూది బస్తాలో దాచిపెట్టేవాడు. ఇంత పరువు గల వ్యాపారిని ఎక్కడా చూసి ఉండరు.

ఎదురుగా పరదాల కొట్టు. పరదాలక్క పొద్దున షట్టరెత్తింది మొదలు దారినపోయే ప్రతివాళ్లనీ పిలిచేది. "రా చెల్లీ, చూసిపో! కొనకపోయినా పర్లేదు, చూస్తే నీ సొమ్మేం పోయింది?"

దిండ్లాయన కిటికీ సందులోంచి చూసి మూతి ముడిచేవాడు. "సిగ్గూ శరం లేదు ఈవిడకి."

సిగ్గులేని ఆవిడ కొట్టు జనంతో కిటకిటలాడేది. సిగ్గున్న ఈయన కొట్టులో ఈగలు తోలుకునేవాడు. కొన్నాళ్లకి ఈగలకే విసుగు పుట్టి ఎదుటి కొట్టుకి వెళ్లిపోయాయి.

పనితనం మాత్రం, తిట్టే నోటితోనే ఒప్పుకోవాలి, ఎవరికీ రాదు. ముందు మూలలు నింపి, తర్వాత మధ్యలో కూరి, ఎక్కడా ఉండ కట్టకుండా సర్దేవాడు. మూతి కుట్టేముందు ప్రతి దిండు మీదా తను తల పెట్టి, కళ్లు మూసుకుని కాసేపు పడుకునేవాడు. నచ్చకపోతే మొత్తం విప్పి మళ్లీ మొదలుపెట్టేవాడు. అంత చేసి, కొనేవాళ్లొచ్చేసరికి నీళ్లు నమిలేవాడు.

"అణగిపోదు కదా?" అని అడిగితే, "అణిగినా అణగొచ్చండీ, చెప్పలేం" అనేవాడు.

"మెత్తగా ఉంటుందా?"

"ఒక్కొక్కరికి ఒక్కోలా ఉంటుందండీ."

ధర అడిగితే తల గోక్కుని, "మీ ఇష్టం" అనేవాడు. వచ్చినవాళ్లలో సగం మంది అట్నుంచటే పోయేవాళ్లు. వాళ్ల వీపులు చూస్తూ, "నాణ్యత తెలీని జనం" అని ఈసడించేవాడు. ఛీ, ఏం మనిషి!

గలీబులు కుట్టేది భార్య. ముందుగదిలో మిషను ఆవిడది. ఓసారి ఆవిడ ఎవరినీ అడక్కుండా లేబుళ్లు నేయించుకొచ్చింది. కొట్టు పేరు, కింద ఫోన్ నంబరు.

"దిండు అంచున పెట్టి కుట్టండి. నచ్చినవాళ్లు మళ్లీ ఫోన్ చేస్తారు" అంది.

"కుడతాన్లే."

కట్ట అయిపోయింది. ఇంకో కట్ట తెప్పించింది. అదీ అయిపోయింది. "అన్నిటికీ కుడుతున్నారా?" అంటే, "ఒక్కటి వదిలితే ఒట్టు" అన్నాడు. ఒక్క మనిషీ తిరిగి రాలేదు.

ఒకరోజు ఆవిడ మిషను ఆపేసి, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. "మన దిండ్లే బాగాలేవన్నమాట. ఇన్నాళ్లూ మనకి మనమే గొప్పనుకున్నాం" అంది.

మనిషన్నవాడు అక్కడ నోరు తెరవాలి. దిండ్లాయన తెరవలేదు. దూది ఏకుతూ కూర్చున్నాడు.

ఆ తర్వాతే ఆవిడ, కొట్టు ఎత్తేద్దామని తన అన్నయ్యకి కబురు చేసింది. కొట్టున్న గది ఆయనదే. ఆయన టేపు పట్టుకుని దిగాడు. "వచ్చే నెల నుంచి ఇక్కడ ఫోన్ కవర్లు పెడతా. బావా, నువ్వూ ఇక్కడే కూర్చో, వచ్చినవాళ్లకి కవర్లందిద్దువు గానీ" అంటూ గోడలు కొలవడం మొదలెట్టాడు. దిండ్లాయన కాదనకుండా టేపు రెండో కొస పట్టుకున్నాడు. భార్య మొగుడి వైపు చూడను కూడా లేదు.

సరిగ్గా అప్పుడు ఓ పెద్దావిడ గుమ్మంలోకి వచ్చింది. చంకలో చిరిగిన దిండు, జుట్టు నిండా దూది.

"ఈ దిండు చేసిందెవరు?"

ఇన్నేళ్లుగా భయపడుతున్నది రానే వచ్చింది. దిండ్లాయన చటుక్కున వెనక్కి తగ్గి బస్తా చాటున నక్కాడు. పెళ్లీడుకొచ్చిన పిల్లల తండ్రి, బస్తా చాటున!

"మావారేనండీ. ఏమైంది?" అంది భార్య.

"ఏమైందేంటమ్మా! మా పైవాటాలో అద్దెకున్న పిల్ల ఖాళీ చేస్తూ ఈ దిండు వదిలేసి పోయింది. అప్పట్నుంచీ నాకు మెడనొప్పి లేదు. ఇలాంటిదే ఇంకోటి కావాలని తిరగని కొట్టు లేదు. మా ఆయనకీ ఇదే కావాలట. ఇవాళ పొద్దున చెరోవైపు పట్టుకుని లాగితే పర్రున చిరిగింది. దూదిలోంచి ఇది ఊడిపడింది." ఆవిడ లేబుల్ ఎత్తి చూపించింది. "పొద్దున్నుంచీ చేస్తున్నా, ఎత్తేవాడు లేడు. ఎత్తి ఉంటే ఈ వీధంతా అడుగుతూ వచ్చేదాన్నా?"

అంటూనే మళ్లీ నంబరు నొక్కింది. దిండ్లాయన దాక్కున్న బస్తా గుర్రుమంది.

భార్య లేబుల్ అందుకుని అటూ ఇటూ తిప్పింది. "ఇది లోపలెందుకుందండీ?"

దిండ్లాయన బస్తాని ఇంకాస్త ముందుకి లాక్కున్నాడు.

"అన్నీ లోపలే పెట్టి కుట్టేశారా?"

"ఎవరన్నా బాగాలేదని ఫోన్ చేస్తారేమోనని..."

"దూదికి చదువొచ్చాండీ? లోపల కూర్చుని చదువుకుంటుందా?"

పెద్దావిడ పకపకా నవ్వింది. అన్నయ్యా నవ్వాడు. భార్య మాత్రం నవ్వలేదు. "నా కుట్టు బాగాలేదేమో, మీ పని బాగాలేదేమో అని నేను కుమిలిపోతుంటే, తెలిసి కూడా నోరు మెదపలేదు మీరు. మిషను అమ్మేద్దామనుకున్నానండీ" అంది. 

పరువు గల మనిషికి ఆ మాట చెంప మీద కొట్టినట్టు తగిలింది. తగలాల్సిందే.

"సరేగానీ, మా ఆయనకొకటి చెయ్యాలి. ఎంత?" అంది పెద్దావిడ.

"మా బావ ధర చెప్పలేడులెండి" అన్నాడు అన్నయ్య, టేపు లాగుతూ. "ఎంతో కొంత ఇచ్చి పట్టుకెళ్లండి. ఎలాగూ ఎత్తేస్తున్న కొట్టే."

ఎంతో కొంత! ఆ మాటకి దిండ్లాయన లేచాడు. నెత్తి మీద దూది. ముందుగదిలోకి వచ్చి ధర చెప్పాడు. మనసులో ఎన్నేళ్లుగానో అనుకుంటున్న పూర్తి ధర. చెప్పేసి, పైకప్పు ఊడి మీద పడుతుందేమోనని మెడ ముడుచుకుని నిలబడ్డాడు.

"ఇదే మెత్తదనం ఉంటుందా మరి?"

"ఉంటుందండీ. నేను పడుకుని చూసి ఇస్తాను. బాగుంటుంది."

"సరే" అంది పెద్దావిడ, సంచి తెరుస్తూ.

అంతే. ఈ సరే కోసమా ఇన్నేళ్లూ చచ్చింది!

"టేపు చుట్టెయ్ బావా. కొట్టు ఎత్తట్లేదు. అద్దె ఎప్పట్లాగే ఇస్తాను" అన్నాడు దిండ్లాయన.

"ఏంటీ?" అని అన్నయ్య చెల్లెలి వైపు చూశాడు.

"కాఫీ పెడతానన్నయ్యా, తాగి వెళ్దువు గానీ" అందావిడ.

మర్నాటికి దిండు తయారైంది. తల పెట్టి చూసుకున్నాడు, మూతి కుట్టాడు. లేబుల్ బయట కుట్టాడు, కాస్త వంకరగా వచ్చింది. అంతటితో ఆగితే బాగుండేది. ధైర్యం కొత్త కదా, ఆగలేదు. వెళ్లి గుమ్మంలో నిలబడి, దారినపోయేవాళ్లని చూసి నోరు తెరిచాడు. ఏదో కీచుమని బయటికొచ్చింది.

"దగ్గొచ్చిందా అన్నా?" అని కేకేసింది పరదాలక్క.

"కాదక్కా. దిండ్లు" అన్నాడు.

వెనక మిషను చప్పుడు ఆగింది.

"మంచి దిండ్లు అనండి" అంది భార్య. "ఇంకొంచెం గట్టిగా."