నిలబడ్డవాడికి నోరు లేదు

నేను ఒక బెంచీని. బెంచీ అనగానే బస్టాండులో నడుం విరిగి మూలపడ్డ సరుకు అనుకునేరు! బాస్కెట్‌బాల్ కోర్టు పక్కన రిజర్వు ఆటగాళ్ళ కోసం పనిగట్టుకుని చేయించిన నల్లమద్ది బెంచీని. తెనాలి పాత స్టేడియం కట్టిన ఏడు వీరాచారి అనే వడ్రంగి ఒక్క మేకు కొట్టకుండా చెక్కలో చెక్క దూర్చి నన్ను బిగించాడు. పని అయ్యాక తనే నా మీదికెక్కి రెండు గంతులేసి, "ఏనుగెక్కినా కిర్రుమనదు" అన్నాడు. ఇవాళ్టికీ కిర్రుమనలేదు. నా గొప్ప నేను చెప్పుకోకూడదు గానీ, చెప్పడానికి వీరాచారి ఇప్పుడు లేడు కదా.

స్టేడియంలో ఉన్నన్నాళ్ళు నా మీద కూర్చున్నవాళ్ళు పెద్దగా మాట్లాడేవాళ్ళు కాదు. మడమలు పైకెత్తి, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, నా ముందంచు మీదే కూర్చునేవాళ్ళు. కోచ్ ఇటు తల తిప్పితే చాలు, నలుగురూ సగం లేచేవాళ్ళు. ఆయన ఒక్కడినే పిలిచేవాడు. మిగిలిన ముగ్గురూ మళ్ళీ కూర్చునేటప్పుడు పడే బరువుంది చూశారూ, అది లేచినప్పటి కంటే ఎక్కువ. ఎలా అని అడక్కండి. మోసినదాన్ని నేను.

తర్వాత ప్లాస్టిక్ కుర్చీలొచ్చాయి. కొత్తొక వింత, పాతొక రోత. నన్ను పాత ఇనుప సామాన్లతో పాటు గోడవతల పడేస్తే, గేటు ఎదురుగా టీకొట్టు నడుపుకునే నాగూర్‌మీరా అడిగి తెచ్చుకున్నాడు. చెదపురుగు కొరికిన కాలు కింద పెంకుముక్క పెట్టి, కొట్టు గోడకి ఆనించి వేశాడు. అప్పటినుంచి నా మీద కూర్చునే జాతే మారిపోయింది.

వీళ్ళు అభిమానులు. బంతిని చేత్తో తాకిన పాపాన పోలేదు గానీ, ఎవడు ఎలా ఆడాలో వీళ్ళకి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. గోడకి జేరబడి, కాలు మీద కాలేసుకుని, నా వెనకంచు మీద భారమంతా వేసి కూర్చుంటారు. కుడిచివర జెరాక్సు కొట్టు కోటిలింగం, ఎడమచివర ఆర్టీసీలో బస్సు నడిపి రిటైరయిన జోజిబాబు. వీళ్ళిద్దరూ ఒక్క విషయంలో ఏకాభిప్రాయానికి వచ్చిన రోజు నేను చూడలేదు. వానొస్తుందని ఒకడంటే, రెండోవాడు తడుస్తూ కూడా ఒప్పుకోడు.

మధ్యలో ఎవరుంటే వాళ్ళు. మిగిలిన జనమంతా నిలబడి టీ తాగుతారు. ఒక ఏడాది ఏదో ఫౌలు మీద వాదన ముదిరి, అందరూ ఒక్కసారే అరిచేసరికి, వేడివేడి మిరపకాయ బజ్జీల పళ్ళెం గాల్లోకి లేచింది. అప్పుడు మీరా పొయ్యి దగ్గర్నుంచి గరిటె ఎత్తి చట్టం చేశాడు.

"ఇదిగో, నా కొట్లో ఆట గురించి తీర్పు చెప్పాలంటే బెంచీ మీద కూర్చునే చెప్పాల. నిలబడ్డోడికి నోరు లేదు. ఇష్టమైతే ఉండండి, లేకపోతే పోండి."

నా మీద పట్టేది నలుగురే కాబట్టి అరుపులు నాలుగుకి తగ్గాయి. చట్టం నిలిచింది. బెంచీ దొరకాలని జనం తెల్లారగట్లే రావడం మొదలుపెట్టారు. నా విలువ పెరిగిందని వేరే చెప్పాలా?

మీరా కొడుకు బాజీ ఆ కోర్టులోనే ఆడి పెరిగాడు. ఆరడుగుల నాలుగంగుళాలు, తలుపు దాటాలంటే తల వంచాలి. ఆట ముగించి చెమటలు కక్కుకుంటూ వచ్చి, రాటకి ఆనుకుని నిలబడే టీ తాగేవాడు. నా మీద ఒక్కసారి కూడా కూర్చోలేదు. "కాళ్ళు నొప్పులు పుడతాయిరా, కూర్చో" అని జోజిబాబు జరిగి చోటిచ్చేవాడు. బాజీ ఒకసారి పొయ్యి వైపు, తండ్రి ముఖంలోకి చూసి, "పర్లేదు పెదనాయనా" అనేవాడు. పెద్దవాళ్ళ ముందు కూర్చోకూడదని మీరా నేర్పిన పద్ధతి. ఊరంతా మెచ్చుకునేది. పెంపకమంటే అదీ అనేవాళ్ళు.

అలాంటి బాజీని ఈ ఏడు లీగులో కోస్తా కోబ్రాస్ జట్టు తీసుకుంది. ఇక కొట్లో సందడి ఏం చెప్పమంటారు! గోడ మీద కొత్త టీవీ వచ్చింది. సీజను మొదలై రెండు మ్యాచులు కూడా కాలేదు, కోటిలింగం దక్కన్ లాన్సర్స్‌కి కప్పు ఇచ్చేశాడు.

"రాసిపెట్టుకో జోజీ. ఆ లాన్సర్స్ పొడుగోడు గుర్తేజ్ ఉన్నాడే, వాడు చెయ్యెత్తితే బంతికి దారుండదు. ఈసారి కప్పు వాళ్ళదే."

"ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం! ఇంకా ఎన్ని ఆటలున్నయ్యయ్యా. కోబ్రాస్‌కి ఇళంగో ఉన్నాడు. పాతకాపు. పెద్ద ఆటల్లో చూద్దువుగాని."

"పాతకాపు కాబట్టే అంటన్నా. మోకాళ్ళు అరిగిపోయినయ్ వాడికి."

"నీ జెరాక్సు మిషనూ అరిగిపోయింది. కాపీలు తియ్యట్లా?"

ఇలా సాగేది. నవ్వులే నవ్వులు. మీరా కూడా గరిటె తిప్పుతూ నవ్వేవాడు. కొడుకు మాట వచ్చేదాకా.

బాజీ మాట రానే వచ్చింది. మొదటి మ్యాచులో కాసేపు ఆడించారు, ఒక్క బుట్టా వెయ్యలేదు. రెండోదానిలోనూ అంతే. మూడోదానిలో రింగు కింద ఎదురుగా ఒక్కడూ లేడు, బంతి చేతిలో ఉంది, చంటిపిల్లాడైనా వేస్తాడు. బాజీ పక్కకి చూసి, చెయ్యి చాచిన కెప్టెన్ ఇళంగోకి బంతి ఇచ్చాడు. గుర్తేజ్ కాదు గానీ వాడి లాంటి వాడే మరొకడు మధ్యలో లాక్కుని పోయాడు. కొట్టంతా ఒక్కసారి "అయ్యో" అంది. మరునాడు పేపర్లో పడింది: మొదటి నెల అయ్యాక కోబ్రాస్ కొత్తవాళ్ళలో ఇద్దరిని ఇంటికి పంపేస్తుందట. ఎవరెవరో ఊహించడానికి పెద్ద తెలివి అక్కర్లేదు.

ఆ ఉదయం నా మీద జరిగిన విచారణ నేను మర్చిపోను.

"భయం," అన్నాడు కోటిలింగం. "నేను మొదట్నుంచీ అంటానే ఉన్నా. ఊళ్ళో ఆడటం వేరు, పదివేలమంది ముందు ఆడటం వేరు. వాడికి గుండె చాలదు."

"భయం కాదయ్యా," అన్నాడు జోజిబాబు. "ఆ ఇళంగో వెయ్యనీయట్లేదు. చూడు, ఎప్పుడు చూసినా చెయ్యి చాస్తా ఉంటాడు. కొత్తోడు ఎదిగితే తన చోటు పోద్దని."

"ఎవరేం చేసినా ఒకటే. వచ్చే నెలకల్లా మనోడు తిరిగొచ్చి ఇక్కడే రాటకి ఆనుకుంటాడు."

ఆ మాటకి ఎవరూ నవ్వలేదు. మీరా పొయ్యి దగ్గర నిలబడే ఉన్నాడు. తన చట్టం తనకే చుట్టుకుంది. నిలబడ్డవాడికి నోరు లేదు. కొడుకు ఇంటికొస్తే వాడికి ఇంత ముద్ద పెట్టలేక కాదు ఆయన బాధ. నేను చేతకానివాణ్ణి అన్న మాట మనసులో పెట్టుకుని వస్తాడే, ఆ మాటని ఇంట్లోంచి ఎలా బయటికి పంపడం? అదీ ఆయన దిగులు. పెదవి విప్పి చెప్పకపోయినా, రెండు రోజులుగా టీలో అల్లం వెయ్యడం మర్చిపోతుంటే ఆ మాత్రం అర్థం కాదా?

టీవీలో ఆ ముక్కే మళ్ళీ మళ్ళీ వేస్తున్నారు. నెమ్మదిగా తిప్పి చూపించారు. బాజీ చేతిలో బంతి. ఎదురుగా ఖాళీ. వెయ్యబోయి ఆగి, తల తిప్పి ఇళంగో ముఖంలోకి చూశాడు.

మీరా చేతిలో గరిటె ఆగిపోయింది. ఆ చూపు ఆయనకి తెలుసు. నాకూ తెలుసు. నా ముందు రాటకి ఆనుకుని, కూర్చోమన్నప్పుడల్లా పొయ్యి వైపు చూసిన చూపు అదే.

ఆయన పొయ్యి వదిలి వచ్చాడు. వచ్చి, కోటిలింగానికీ జోజిబాబుకీ మధ్య కూర్చున్నాడు! నన్ను తెచ్చి ఇక్కడ వేసిన మనిషి, నన్ను రోజూ తుడిచే మనిషి, ఆ రోజుదాకా గిరాకీల ముందు నా మీద కూర్చుని ఎరగడు. వెనక పాలు పొంగి పొయ్యి మీద పడి చుయ్యిమన్నాయి. ఎవరూ కదల్లేదు.

"వాడికి భయం లేదు," అన్నాడు మీరా. "ఆ కెప్టెన్ తప్పూ లేదు. తప్పు నా పెంపకంది. పెద్దోడు పక్కనుంటే తను ముందు చెయ్యి పెట్టకూడదని నేర్పా. అన్నం దగ్గర నేర్పినదాన్ని వాడు ఆట దగ్గర చేస్తన్నాడు."

మీరా జేబులోంచి ఫోను తీసి, అక్కడే కూర్చుని, అందరూ వింటుండగా కొడుకుతో మాట్లాడాడు.

"ఒరే బాజీ, నేనురా. తిన్నావా? సరే విను. నేను బెంచీ మీద కూర్చుని చెప్తన్నా. అవున్రా, మన బెంచీనే. కోర్టులో పెద్దోళ్ళూ చిన్నోళ్ళూ లేరు. బంతి నీ చేతికొస్తే నీదే. ఎవరి ముఖమూ చూడమాక. నా ముఖం కూడా చూడమాక. వేసెయ్. పోతే పోయింది, నాయనా, మళ్ళీ వేసెయ్."

అవతల నుంచి ఏం వినపడిందో నాకు తెలియదు. ఫోను పెట్టేశాక మీరా కాసేపు లేవలేదు. ఆ బరువు నేను స్టేడియంలో మోసిన బరువే. పిలుస్తారో లేదో తెలియని వాడి బరువు.

తర్వాతి మ్యాచు లాన్సర్స్‌తోనే. సాయంత్రం కొట్టు ముందు ఆటోలు కూడా ఆగిపోయాయి. ఆట సగమయ్యాక బాజీని కోర్టులోకి దింపారు. బంతి వచ్చింది. ఇళంగో మామూలుగానే చెయ్యి చాచాడు. బాజీ తల తిప్పలేదు. వేశాడు. బంతి రింగు మీద రెండుసార్లు ఎగిరి, బయటికి పడింది.

జోజిబాబు కళ్ళు మూసుకుని సిలువ గుర్తు వేసుకున్నాడు.

మళ్ళీ బంతి వచ్చింది. ఈసారి గుర్తేజ్ ఎదురొచ్చి తాడిచెట్టులా రెండు చేతులూ ఎత్తాడు. బాజీ ఒక అడుగు వెనక్కి వేసి, ఆ చేతుల మీదుగా వేశాడు. వల ఊగింది. చప్పుడు టీవీలో వినపడలేదు, మన కొట్లో అరుపులకి వినపడే అవకాశమే లేదు. అందరికంటే ముందు లేచి గంతేసింది ఎవరనుకున్నారు? లాన్సర్స్‌కి కప్పు రాసిచ్చిన కోటిలింగం! లేచాడు కాబట్టి నిలబడ్డాడు, నిలబడ్డాడు కాబట్టి చట్టప్రకారం నోరు లేదు. అయినా నోరారా అరిచాడు. మీరా పొయ్యి ముందు నిలబడి, భుజాన ఉన్న తువ్వాలుతో ముఖం తుడుచుకుంటున్నాడు, చెమట కాదని అందరికీ తెలుసు.

ఆ మ్యాచు కోబ్రాస్ ఓడిపోయింది. ఉన్నమాట చెప్పాలి కదా. కానీ నెలాఖరున ఇంటికి పంపినవాళ్ళలో బాజీ పేరు లేదు.

సీజను మధ్యలో రెండు రోజులు సెలవిస్తే బాజీ ఊరొచ్చాడు. పొద్దున్నే కొట్టు కిక్కిరిసిపోయింది. అలవాటు ప్రకారం వచ్చి రాటకి ఆనుకున్నాడు. కోటిలింగం లేచాడు. "ఇటురా, కూర్చో" అన్నాడు. జోజిబాబు కూడా లేచాడు. మధ్యలో ఉన్నవాళ్ళు కూడా లేచారు. నా మీద ఎవరూ లేరు. ఖాళీగా ఉండటం నాకు అలవాటు లేదు, కాస్త సిగ్గేసింది కూడా.

బాజీ పొయ్యి వైపు చూశాడు. మీరా తల ఊపాడు. ఊపి, గరిటె కోటిలింగం చేతిలో పెట్టి, తనే ముందు వచ్చి కూర్చుని, పక్కన చెక్క మీద తట్టాడు. అప్పుడు కూర్చున్నాడు బాజీ. గోడకి జేరబడలేదు. మడమలు పైకెత్తి, నా ముందంచు మీద కూర్చున్నాడు. ఎన్నాళ్ళకి తగిలిందండీ నాకు ఆ కూర్చోవడం!

"నాయనా, ఒకటి చెప్పనా," అన్నాడు బాజీ నవ్వుతూ. "ఆ రోజు రెండోది పడ్డాక ఇళంగో అన్న వచ్చి నెత్తి మీద ఒక్కటిచ్చాడు. 'నేను చెయ్యి చాచేది బంతి కోసం కాదురా, నన్ను కాపలా కాసేవాణ్ణి ఇటు లాగడానికి, నీకు దారి ఖాళీ చెయ్యడానికి, మూడు ఆటల్నుంచీ ఖాళీ చేస్తా ఉంటే బంతి తెచ్చి నా చేతిలో పెడతావేందిరా' అన్నాడు."

కొట్టంతా ఘొల్లుమంది. అడ్డుపడుతున్నాడని తీర్పు చెప్పిన జోజిబాబుకి ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. భయమని తీర్పు చెప్పిన కోటిలింగం ఏదో సర్దిచెప్పబోయాడు.

"ఆగు బాబాయ్," అన్నాడు బాజీ. "నువ్వు నిలబడున్నావు."

కోటిలింగం నోరు మూసుకుని టీ వడకట్టాడు. తండ్రీకొడుకులకి చెరో గ్లాసూ తెచ్చి ఇచ్చాడు. బాజీ ఎవరి ముఖమూ చూడకుండా ఒక గుక్క తాగాడు.

"బాబాయ్, చక్కెర ఎక్కువైంది," అని తీర్పు చెప్పాడు.

ఎవరూ కాదనలేదు. నా మీద కూర్చుని చెప్పాడు కదా.