జమ్మి మోడు

మా పెరట్లో జమ్మి చెట్టును నేనే నరికాను. ఆళ్లగడ్డంతా ఇప్పుడు ఇదే చెప్పుకుంటోంది కాబట్టి దాచేదేమీ లేదు.

ఎవరూ నాటని చెట్టది. మేం స్థలం కొనేనాటికే ఉంది. ప్రతి దసరాకు పక్కింటి కిరాణా కొట్టు హనుమంతయ్య వచ్చి ఆకు అడిగేవాడు, నేనే కొమ్మ వంచి ఇచ్చేదాన్ని. మేం చర్చికి పోయేవాళ్లమని ఆయన ఏనాడూ మైల పాటించలేదు.

నిరుడు మాత్రం ఆకుతో ఊరుకోలేదు. మానుకు పసుపు పూసి, దారం చుట్టి, చుట్టూ అరుగు కట్టిస్తానన్నాడు. ఈ ఏడు అరుగు, వచ్చే ఏడు గుడి, ఆపైన పెరడు మాది కాదు. అక్కడ మా అమ్మాయి కీర్తన కుట్టు మిషన్లకు రెండు గదులు వేయాలని మా ఆయనా నేనూ ఎన్నాళ్లుగానో అనుకుంటున్నాం. స్థలం మాదని చెప్పాను.

"స్థలం మీదే టీచరమ్మా. చెట్టు అమ్మవారిది. అమ్మవారికి పట్టా యాడుంటాది?"

ఒళ్లు మండింది. మర్నాడు నరకమంటే ఒక్క కూలీ గొడ్డలి పట్టలేదు. మా చర్చిలో ముందు వరసలో కూర్చునే దేవదానం కూడా జమ్మి జోలికి రానన్నాడు. చివరికి నేనే కొంగు బిగించాను. ముళ్లు గుచ్చుకుని, చేతులు బొబ్బలెక్కి, మధ్యాహ్నానికి మోకాలెత్తు మోడు మిగిల్చాను. వీధి మాతో మాట్లాడటం మానేసింది. మానేస్తే మానేయనీ అనుకున్నాను.

ఇరవై ఏళ్లుగా హైస్కూల్లో జీవశాస్త్రం చెబుతున్నదాన్ని. మన నేల చెట్లు గొడ్డలికి చావవని, వేరు బతికుంటే మళ్లీ చిగురిస్తాయని ఏటా బోర్డు మీద బొమ్మ గీసి మరీ చెబుతాను. కోపంలో ఆ వేరు సంగతే మరిచాను.

ఉగాది ముందు మోడు చుట్టూ చిగుళ్లు పొడుచుకొచ్చాయి. నాకంటే ముందు గోడవతల నుంచి హనుమంతయ్య చూశాడు. ఆదివారం ప్రార్థన నుంచి వచ్చేసరికి గేటు బార్లా తీసి ఉంది, మోడుకు పసుపు, పెరటి నిండా జనం. నంద్యాల, బనగానపల్లె నుంచి కూడా ఆటోలు కట్టుకుని వచ్చారు. నరికినా లేచిన అమ్మవారట.

వేరు నుంచి వచ్చిన చిగురని గొంతు చించుకున్నాను. హనుమంతయ్య కూతురు వాసవి, నా క్లాసు పిల్ల, "టీచర్ చెప్తాండేది నిజమే నాయనా, మాకు పాఠముండాది" అంది. ఆయన దాన్ని వెనక్కి లాగి, నాకు చేతులు జోడించాడు.

"మీరు నరక్కుంటే ఇది వట్టి చెట్టే గదమ్మా. అమ్మవారిని చేసింది మీరే."

ఎగతాళికి అని ఉంటే చెంప పగలగొట్టేదాన్ని. నిజంగానే దండం పెట్టాడు.

చెప్పుల కుప్ప దాటుకుంటూ నా ఇంట్లోకి నేను వెళ్లాను. గదుల ప్లాను కాగితాన్ని కీర్తన మడిచి బీరువాలో పెడుతోంది. నా వైపు చూడలేదు.