మోకాలెత్తు మొక్క వయసు

కొలతలమ్మకు మామూలుగానే కోపం ముక్కు మీద ఉంటుంది. ఆ పొద్దున మాత్రం అరికాలి మంట నెత్తికెక్కింది. అడవి పరిశోధన కేంద్రంలో ఇరవై రెండేళ్లుగా మొక్కల ముళ్ల పొడవు, బెరడు మందం కొలిచి రాసే మనిషి ఆవిడ. అంతకుముందు ఆ పని నాన్నది. ఆయన కొలతలు మొదలుపెట్టిన రెండో ప్లాటును దున్నేయమని కొత్త డైరెక్టర్ సంతకం పెట్టాడు.

కంచె వేసి, నిప్పు తగలకుండా కాపాడిన ఒకటో ప్లాటు పచ్చగా నవనవలాడుతోంది. ఏనుగులు, అడవిదున్నలు మేసే రెండోదాన్ని పరిశోధన కోసమే రెండేళ్లకోసారి తగలబెడతారు. అందులో బూడిద, మోకాలెత్తు ముళ్లమొక్కలు తప్ప ఏం లేవు. ఇవన్నీ నిరుడు మొలిచినవే, పీకేసి నీడ చెట్లు నాటిద్దామన్నాడు డైరెక్టర్. మేసే నోరూ మంటా ఉన్నచోటే ముల్లు సాగుతుందని, బెరడు మందమవుతుందని, ప్రాణం మట్టి కింద దాక్కుంటుందని ఆవిడ చెప్పబోయింది. చెవికెక్కితేనా! పెద్ద చదువులవాడికి టేపు పట్టుకునే మనిషి మాట ఎందుకు ఎక్కుతుంది?

ట్రాక్టర్ తెచ్చింది ఆవిడ మరిదే. పైవాళ్ల ఆర్డరు వదినా, నేనేం చెయ్యను అని నసిగాడు. ఆవిడ అతన్ని పల్లెత్తు మాట అనలేదు. ఆఫీసుకు నడిచి, ఫైళ్ల మధ్యనున్న డైరెక్టర్ని లేపి రెండో ప్లాటుకు తీసుకొచ్చింది.

"మీరు నిరుడు మొలిచిందన్న మొక్క ఇదే సార్. మీ చేత్తో పీకండి. ఊడొస్తే ట్రాక్టర్ నేనే తోలుతాను."

ఆయన నవ్వి, చొక్కా చేతులు మడిచి లాగాడు. తర్వాత రెండు చేతులా లాగాడు. మొక్క కదల్లేదు. ముల్లొకటి మాత్రం ఆయన బొటనవేల్లో దిగి, కొమ్మ నుంచి మొదలంటా ఊడొచ్చింది. మరిది నవ్వాపుకోలేక ట్రాక్టర్ టైరు చూస్తున్నట్టు నటించాడు.

ఆవిడ గునపం అందుకుంది. జానెడు లోతు తవ్వేసరికి తొడంత లావు వేరు బయటపడింది. దాని మెడకు రాగి తీగ, తీగకు రేకు బిళ్ల. మంటకు చిక్కకుండా నాన్న బిళ్లలు మట్టి కిందే కట్టేవాడని వినడమే కానీ, ఆవిడెప్పుడూ తవ్వి చూడలేదు. కొంగుతో తుడిచింది. నాన్న సుత్తితో కొట్టిన అంకెలు కనిపించాయి. ఆవిడకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు.

డైరెక్టర్ వంగి చదివాడు. ఆయన పుట్టడానికి రెండేళ్ల ముందటి సంవత్సరం.

"ఇరవై మంటలు చూసింది. ఏనుగులు తొక్కాయి. అన్నిసార్లూ మళ్లీ లేచింది. మీ నాగలి వేరునే కోస్తుంది సార్, ఇక లేవదు. నేనుండగా దున్ననివ్వను."

ఆయన ముల్లు దిగిన బొటనవేలు చూసుకున్నాడు. ఆవిడే ఆయన చెయ్యి పట్టుకుని ముల్లు లాగి, స్కేలు మీద పెట్టింది.

"ఐదు సెంటీమీటర్ల రెండు మిల్లీమీటర్లు. కంచె లోపలి ముల్లు రెండు సెంటీమీటర్లు కూడా ఉండదు. రాయండి సార్."

ఆవిడిచ్చిన కొలతల పుస్తకంలో ఆయన రాశాడు. దాని కిందే, ఎవరూ అడక్కుండా, ఈ ప్లాటు దున్నకూడదని రాసి సంతకం పెట్టాడు. బొటనవేలి రక్తం కాస్త కాగితానికి అంటింది.