వాడకూడని పిచ్చుక

తమ్ముడు చనిపోయిన ఏడాదికి వాడి ప్రాజెక్టుకు కొత్త గుర్తు గీసే పని అక్క చేతికే వచ్చింది. చిన్న చిన్న గ్రంథాలయాలు పుస్తకాల లెక్క చూసుకోవడానికి వాడు రాసిన ప్రోగ్రాం అది. ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు, ఎవరైనా మార్చుకోవచ్చు. మొదట్లో వాడొక్కడే; తరవాత ఎక్కడెక్కడివాళ్లో వచ్చి చేరారు.

పాత గుర్తు ఒక పిచ్చుక. కుడిచేతికి కట్టు ఉన్న రోజుల్లో వాడు ఎడమచేత్తో గీశాడు. ఒక రెక్క పొట్టి, ముక్కు పక్కకు తిరిగి ఉంటుంది.

"ఇది పిచ్చుకా, తెగిన చెప్పా?" అని అక్క అప్పుడే ఎగతాళి చేసింది.

"ఎగరడం దాని పని, అందం నీ పని" అన్నాడు వాడు.

ఫోన్ తెరమీద అది మరకలా కనిపిస్తోందని అందరూ గోలపెట్టారు. బొమ్మలు గీసి బతికే మనిషి కాబట్టి ఆ మాట నిజమేనని ఆమెకూ తెలుసు. కొత్త పిచ్చుకను నాలుగు గీతల్లో తేల్చింది. అందరికీ నచ్చింది. ఇక దాన్నెలా వాడాలో చెప్పే నియమాల పుస్తకం మిగిలింది. చుట్టూ ఎంత ఖాళీ వదలాలి, ఏ రంగు, ఏ అక్షరాలు, ఇవన్నీ చకచకా రాసేసింది. 'వాడకూడనివి' అనే పేజీలో సాగదీసిన పిచ్చుక, రంగు మార్చిన పిచ్చుక, వాటి పక్కన పాతది పెట్టింది. మిగతావాటి మీద ఎర్రగా ఇంటూ కొట్టింది. పాతదాని మీదికి చేయి పోలేదు. అలాగే పంపేసింది.

సాయంత్రం గడ్డం ఫోన్ చేశాడు. తమ్ముడి స్నేహితుడు, ఇప్పుడు ప్రాజెక్టుకు పెద్ద దిక్కు. గడ్డం తీసేసి ఏళ్లయినా పేరు మాత్రం ఊడలేదు.

"అక్కా, ఆ పేజీలో ఒకటి మర్చిపోయినట్టున్నావు."

"మర్చిపోలేదు."

"నాకూ మనసొప్పట్లేదక్కా. కానీ ఇంటూ లేకపోతే అదీ వాడొచ్చనుకుంటారు. నీవల్ల కాకపోతే నేను కొడతాలే."

"వద్దులే. నేనే కొడతాను."

కొట్టింది. అప్పుడే డ్యూటీ దిగి వచ్చిన మరదలు, తమ్ముడి భార్య, నర్సు బట్టలైనా మార్చుకోకుండా, వెనక నిలబడి తెర చూసింది.

"అదేంటి వదినా, ఆయన్నీ తప్పుల్లో కలిపేశారా?"

"తప్పని కాదు తల్లీ. పాతదని."

"పాతదైతే తీసెయ్యండి. కొట్టెయ్యడమెందుకు?"

ఆమె ఆ పేజీని మళ్లీ పంపింది. మరదలు లోపలికి వెళ్లిపోయింది.

మర్నాడు పుస్తకం బయటికొచ్చింది. మెచ్చుకోళ్లు వచ్చిపడ్డాయి. ముక్కూమొహం తెలియనివాడెవడో, "హమ్మయ్య, ఆ కుంటి పిచ్చుక పీడ విరగడైంది" అని సరదాగా రాశాడు. ఆమె కింద 'ధన్యవాదాలు' అని రాసి, స్నానాల గదిలోకి వెళ్లి కుళాయి తిప్పింది. ఆ చప్పుడులో నోట్లో కొంగు కుక్కుకుని ఏడ్చింది.

చాలాసేపటికి మరదలు తలుపు తట్టింది.

"వదినా, వడ్డించాను. రండి."

ఆమె మొహం కడుక్కుని వచ్చి కూర్చుంది. ఇద్దరి కళ్లూ ఎర్రగానే ఉన్నాయి.