ఈకల సాంచా

ఈరమ్మ విల్లు పట్టింది నలభై రెండో ఏట. అదీ కావాలని పట్టింది కాదు. మహారాష్ట్రలోని చంద్రాపూర్ బొగ్గుగనిలో, ల్యాంపు రూములో ఆమె ఉద్యోగం. దిగే షిఫ్టు వాళ్లకు తలదీపాలు అందించాలి, ఎక్కి వచ్చిన వాళ్ల దగ్గర తీసుకుని చార్జింగుకు పెట్టాలి. భర్త మల్లేశం పోయాక ఆయన పేరు మీద వచ్చిన పని అది. గనుల ఆటల పోటీల్లో విలువిద్యకు ఆడవాళ్ల పేర్లు చాలలేదని, ఆటలు చూసుకునే వాసేకర్ సర్ ఒకరోజు కిటికీ దగ్గరికొచ్చి, పేరు రాసుకుంటున్నాను, వచ్చి నిలబడితే చాలు అన్నాడు. వెళ్లి నిలబడింది. మొదటిరోజు ఏడు బాణాలు గడ్డిలోకి పోయాయి. ఎనిమిదోది టార్గెట్ అంచున దిగి కాసేపు వణికింది. ఆ వణుకు చూసినప్పటినుంచి ఆమెకు వేరే ధ్యాస లేదు.

కానీ క్లబ్బు బాణాలు పది చేతులు మారినవి. ఒకదానికి మూడీకలకు రెండే ఉంటాయి, ఇంకోదానికి ఈక సగం లేచి గాలికి కొట్టుకుంటుంది. ఊడినవాటిని ఈరమ్మ ఇంటికి తెచ్చి గమ్ముతో అంటించి చూసింది. చేత్తో పట్టుకుని అంటిస్తే ఏ ఈకా ఇంకో ఈకలా కూర్చోలేదు. వాసేకర్ సర్ చూసి నవ్వాడు. ఈక ఆరేదాకా సరైన చోట కదలకుండా పట్టి ఉంచే సాధనం ఒకటుందనీ, దాన్ని జిగ్ అంటారనీ, అదొక్కటి కొనుక్కుంటే వెదురు పుల్లలతో తన బాణాలు తనే చేసుకోవచ్చనీ చెప్పాడు. ఈరమ్మ దానికి ఈకల సాంచా అని పేరు పెట్టుకుంది.

అది రెండువేల పద్నాలుగు ఎండాకాలం. బల్లార్షా దాటితే అవతల అంతా కొత్త తెలంగాణ రాష్ట్రం ముచ్చటే. ఇవతల ఈరమ్మ ఇంట్లో మాత్రం సాంచా ముచ్చట. డిగ్రీ చదువుతున్న కూతురు గిరిజ ఫోన్లో బొమ్మలు తీసి చూపించింది.

"ఇగో అమ్మా, ఇది ప్లాస్టిక్‌ది. మూడీకలు ఒక్కసారే అంటిస్తదంట. ఇదేమో ఇనుపది, ఒక్కొక్కటే అంటిస్తది."

"మూడు ఒక్కసారే అయితే జల్ది అయితది గద."

"జల్ది అయితది. కానీ ఇక్కడ ఒకాయన రాసిండు, ఒక్కొక్కటి అంటించేదే మంచిదని."

"ఎవరాయన?"

"నాకేం ఎరుక? ఎవరో బయటి దేశపాయన."

"ఆయన పుల్లలు వేరుంటయి, మన వెదురు వేరుంటది."

"అయితే ప్లాస్టిక్‌ది తీసుకుందామా?"

"నేను గట్లన్ననా?"

చివరికి ఇనుపదే నయమనుకున్నారు. అక్కడితో అయిపోలేదు. ఈకను పట్టుకునే క్లాంపు లెఫ్ట్ కావాలా, రైట్ కావాలా, స్ట్రెయిట్ కావాలా అని ఫోను అడిగింది. తల్లీకూతుళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"నాది ఎడమ చెయ్యి గద. లెఫ్టే ఉంటదేమో," అంది ఈరమ్మ.

"అట్లనే ఉండాలె," అంది గిరిజ. గిరిజ గొంతులోనూ ధైర్యం లేదు.

మర్నాడు వాసేకర్ సర్‌ని అడిగింది. స్ట్రెయిట్ తీసుకో, గొడవ ఉండదు అన్నాడాయన. నాలుగడుగులు వేసి వెనక్కి తిరిగి, పెద్ద పెద్ద ఆటగాళ్లు మాత్రం లెఫ్టో రైటో వాడతారు అని కూడా అన్నాడు. ఆ రెండో మాట అనకుండా ఉంటే ఎంత బాగుండేదో అనుకుంటూ ఆమె వర్క్‌షాపుకు నడిచింది. అక్కడ ఫిట్టర్ మొండయ్య ఉంటాడు. మల్లేశంతో కలిసి పనిచేసినవాడు, ఆమెను చెల్లెలిలా చూస్తాడు.

"కొనుడెందుకు చెల్లె? నేను చేసిస్త," అన్నాడు మొండయ్య. ఒక నట్టు తీసి ఆమె అరచేతిలో పెట్టాడు. "దీనికి ఆరు పలకలున్నయి. పుల్లను దీంట్ల బిగించి రెండు పలకలు తిప్పితే ఒక ఈక, మళ్ల రెండు తిప్పితే ఇంకో ఈక. మూడు సమానంగ వస్తయి. ఇంతకన్న ఏం గావాలె?"

ఆ మాట ఆమెకు బాగా నచ్చింది. కానీ ఇంట్లో కూలరుకు స్టాండు చేసిస్తానని మొండయ్య అని రెండు ఎండాకాలాలు గడిచాయి, కూలరు ఇంకా ఇటుకల మీదే ఉంది. పోటీలేమో జూలై ఆఖర్లో. నాలుగు రోజులు అటూ ఇటూ ఊగి, ఐదో రోజు ఈరమ్మ గిరిజతో "లెఫ్టే పెట్టు, కళ్లు మూసుకొని పెట్టు," అంది.

పార్సిలు జూన్ మొదటి వారంలో వచ్చింది. అదే వారం బెల్లంపల్లి నుంచి అక్క రుక్కమ్మ వచ్చింది. ఒక చేతిలో మిఠాయి డబ్బా, ఇంకో చేతిలో గుడ్డసంచి. వాళ్లింటి వెనక ఒకాయన టర్కీ కోళ్లు పెంచుతాడని తెలిసి ఈరమ్మే రెక్కల ఈకలు అడిగింది. సంచి నిండా తెచ్చింది రుక్కమ్మ. గడప దాటుతూనే చెల్లెలి నోట్లో మిఠాయి పెట్టింది.

"మనకు రాష్ట్రమొచ్చిందే ఈరీ!"

ఈరమ్మ నమిలి మింగింది. "మనకా అక్కా, మీకా?"

"మనకే. నువ్వు బెల్లంపల్లిల పుట్టలేదా?"

"పుట్టిన. గిరిజ ఇక్కడ పుట్టింది. మా కాగితాలన్ని మరాఠీల ఉన్నయి."

"ఉంటే ఏంది? మిఠాయి తియ్యగుందా లేదా?"

"తియ్యగనే ఉంది," అంది ఈరమ్మ. ఆ పూటంతా పని చేసుకుంటూ ఆ ప్రశ్నను అటు తిప్పీ ఇటు తిప్పీ చూసుకుంది. మధ్యలో ఇంకో మిఠాయి తింది.

అక్క వెళ్లిపోయాక ఆదివారం పొద్దున వాకిట్లో చాప పరిచి పని మొదలుపెట్టింది. ఈక కాడను బ్లేడుతో నిలువునా చీల్చి, గరుకు కాగితం మీద అడుగు నున్నగా రుద్ది, కావలసిన పొడవుకు కత్తిరించింది. క్లాంపులో ఈక పెట్టి, గమ్ము రాసి, పుల్లకు ఆనించింది. మొదటి బాణం ముచ్చటగా వచ్చింది. మూడీకలూ ఒకే వాలులో పుల్లను చుట్టుకున్నట్టు కూర్చున్నాయి. రెండో బాణం దగ్గర ఈక మొండికేసింది. ఒక కొస అంటితే ఇంకో కొస లేస్తుంది. మూడోదానికి రెండు కుదిరాయి, ఒకటి కుదరలేదు. మధ్యాహ్నానికి ఆరు బాణాలయ్యాయి. పద్దెనిమిది ఈకల్లో తొమ్మిదింటి కింద సందులే. గమ్ము మార్చింది. ఎక్కువసేపు ఆరనిచ్చింది. ఎడమచేత్తో బిగించేది కుడిచేత్తో బిగించింది. అయినా అంతే. సాంచా ఒకటే, చెయ్యి ఒకటే, ఒక ఈకకు కుదిరింది ఇంకో ఈకకు ఎందుకు కుదరదో ఆమెకు అంతుబట్టలేదు.

సోమవారం షిఫ్టు అయ్యాక సాంచాను మొండయ్య దగ్గరికి తీసుకెళ్లింది. ఆయన క్లాంపును కంటికి ఆనించి, ఒక కన్ను మూసి, పొడుగునా చూశాడు.

"దొరికింది దొంగ. ఇది వంకరున్నది చెల్లె. పార్సిల్ల దెబ్బ తిన్నట్టున్నది."

ఈరమ్మ కూడా చూసింది. నిజమే, క్లాంపు అంచు మెలితిరిగి ఉంది. మనసు తేలికైంది. "అందుకేనా అన్నా, నాకు కుదుర్తలేదు! సీదా చేసియ్యవా."

మొండయ్య రెండు చెక్కముక్కలు అడ్డం పెట్టి, క్లాంపును వైసు ఇనుప దవడల మధ్య బిగించి, జాగ్రత్తగా, ప్రేమగా, గీత గీసినంత నిటారుగా చేసి ఇచ్చాడు.

ఆ సాయంత్రం కాలేజీ నుంచి వచ్చిన గిరిజ దాన్ని చూసి నెత్తి పట్టుకుని, కంగారులో మరాఠీ కలిపి అరిచింది.

"అగ ఆయీ! అది వంకరనే ఉంటదే. లెఫ్ట్ అంటే అదే! ఈకను ఎడమకు మెలిపెట్టేటందుకు గట్ల చేసిండ్రు."

ఈరమ్మ చాప మీద కూలబడింది. సంగతి తెలిసి మొండయ్య మర్నాడు ఇంటికొచ్చి గుమ్మంలోనే నిలబడ్డాడు. మొహం చిన్నబోయింది.

"మళ్ల వంచి ఇయ్యాల్నా చెల్లె?"

"ఎంత వంచాల్నో నీకు ఎరికనా అన్నా?"

"ఎరికలేదు."

"నాకూ ఎరికలేదు. లోపటికి రా, చాయ్ తాగుదువు."

చాయ్ తాగి ఆయన వెళ్లాక, ఎట్లాగూ చెడింది కదా అని ఈరమ్మ ఆ నిటారు క్లాంపుతోనే పాత ఈకలు పీకి కొత్తవి అంటించడం మొదలుపెట్టింది. వింతగా, ఇప్పుడు ఏ ఈకా మొరాయించలేదు. అన్నీ బుద్ధిగా కూర్చున్నాయి. ఆరు బాణాలూ భుజాన వేసుకుని మైదానానికి పరుగెత్తింది. రెండు బాణాలు సూటిగా వెళ్లాయి. నాలుగు తోక ఊపుకుంటూ, చేపపిల్లల్లా ఈదుకుంటూ వెళ్లి ఎక్కడో పడ్డాయి.

అప్పుడు మాత్రం ఆమెకు ఏడుపొచ్చినంత పనైంది. క్లాంపు వంకరగా ఉంటే సగం కుదిరాయి. నిటారుగా ఉంటే అన్నీ కుదిరి కూడా సగానికి పైగా సరిగా ఎగరలేదు. ఆరు బాణాలూ మైదానంలో వరసగా పరిచి, వాటి ముందు కూర్చుంది. మంచివి రెండు ఒక పక్క, చెడ్డవి నాలుగు ఒక పక్క పెట్టింది. మంచిదాని ఈకలను వేలితో నిమిరింది. మూడింటి వంపూ ఒకేవైపుకు ఉంది. చెడ్డదాని ఈకలు నిమిరింది. ఒకటి ఇటు వంగి ఉంది, దాని పక్కది అటు వంగి ఉంది. మళ్లీ నిమిరింది. ఫోను తీసింది.

"అక్కా, ఆ ఈకలు ఒక్క రెక్కవా, రెండు రెక్కలవా?"

"కోడికి ఒక్క రెక్క ఉంటదానే? రెండు రెక్కలవి కలిపే తెచ్చిన. ఏమైంది, బాగ లేవా?"

"మస్తున్నయక్కా," అని ఫోను పెట్టేసింది.

ఇంటికొచ్చి సంచి గుమ్మరించి వంపును బట్టి ఈకలన్నీ రెండు కుప్పలు చేసింది. లెఫ్ట్ క్లాంపుకు కుదిరినవి ఎడమ రెక్కవి, మొరాయించినవి కుడి రెక్కవి అన్నమాట. మూడు బాణాలకు ఎడమ రెక్కవి, మూడింటికి కుడి రెక్కవి అంటించింది. ఆరూ సూటిగా వెళ్లాయి. ఎడమచెయ్యికి ఎడమ రెక్క బాగా పనిచేస్తుందేమోనని వారం రోజులు మార్చి మార్చి వేసి చూసింది. తేడా ఏమీ కనిపించలేదు. అట్లయితే లెఫ్టా రైటా అని తను నాలుగు రోజులు ఎందుకు ఊగినట్టు? వాసేకర్ సర్‌ని అడిగితే, నేను ముందే స్ట్రెయిట్ అన్నాను కదా అన్నాడు. అన్నాడు నిజమే. తర్వాత ఇంకోటి కూడా అన్నాడు కదా అనుకుంది.

భద్రావతిలో పోటీలు జరిగిన రోజు చినుకులు పడ్డాయి. తొమ్మిదిమంది ఆడవాళ్లలో ఈరమ్మ నాలుగోది. బహుమతి లేదు. కానీ ఒక్క ఈక ఊడలేదు, ఒక్క బాణం ఈదలేదు. తడిసిన బాణాలు చీరకొంగుతో తుడుచుకుంటుంటే, వరోరా గని నుంచి వచ్చిన సమ్మక్క అనే ఆమె పక్కన కూర్చుంది.

"నువ్వే చేసుకున్నవంట గద వదినె. నేను గూడ జిగ్ కొందామనుకుంటున్న. లెఫ్ట్ మంచిదా, రైట్ మంచిదా?"

ఈరమ్మ ఒక బాణం తీసి ఈకలు నిమిరింది.

"నేనైతే లెఫ్ట్ కొన్న. ఇప్పుడది స్ట్రెయిటు."

"అదెట్ల?"

ఈరమ్మ టర్కీ కోళ్ల దగ్గర మొదలుపెట్టింది. ఆమె చెబుతూ చెబుతూ మొండయ్య వైసు దాకా వచ్చేసరికి వరోరా వాళ్ల బండి హారన్ కొట్టింది. సమ్మక్క లేచింది.

"నాకేం సమజ్ గాలే వదినె."

"నాకు గూడ పూర్తిగ సమజ్ గాలే. ఆదివారం ఇంటికి రా, ఈకలు ముంగట పోసుకొని చూద్దాం," అంది ఈరమ్మ. గుర్తుగా ఉంటుందని ఒక బాణం ఆమె చేతిలో పెట్టింది. సమ్మక్క దాన్ని వానలో తడవకుండా కొంగు కింద దాచుకుని బండెక్కింది.