నున్నని వేళ్ళు

చల్లటి గాజు.

దాని కింద నుంచి పైకి తేలే ఆకుపచ్చ వెలుగు... నీటి అడుగున ఎండ పాకినట్టు.

నాలుగు వేళ్ళు పెట్టాను. వెలుగు ఎర్రబడింది.

"కాస్త గట్టిగా నొక్కండి మేడమ్," అంది కౌంటర్ దగ్గరి అమ్మాయి.

నొక్కాను. ఎరుపు.

తుడిచి పెట్టాను. ఎరుపు.

కుడి చెయ్యి, ఎడమ చెయ్యి, బొటనవేళ్ళు... అన్నీ ఎరుపే.

"ఏం పని చేస్తారు మీరు?"

"కట్టుడు పళ్ళు చేస్తాను. డెంటల్ ల్యాబులో."

"అయ్యో! ఊళ్ళో వాళ్ళ పళ్ళన్నీ అరగదీస్తూ మీ వేళ్ళు కూడా అరగదీసుకున్నారా?"

ఆ అమ్మాయి నవ్వింది. నేనూ నవ్వాను. నవ్వుతూనే వేళ్ళు మరోసారి తుడుచుకున్నాను.

లోపలి గదిలోంచి అధికారి వచ్చాడు. వీసాకి వేలిముద్రలు తప్పవన్నాడు. రెండు వారాలు ఆగి రమ్మన్నాడు. అప్పుడూ పడకపోతే ఫైలు వెనక్కి పోతుందన్నాడు. వాన వస్తుందని చెప్పినంత మామూలుగా అన్నాడు.

బయటికి వచ్చి నా చేతుల్ని చూసుకున్నాను.

ఇసుక మీద గాలి గీసిన గీతలుంటాయి కదా... అలాంటివి అందరి వేళ్ళ మీదా ఉంటాయి. నా వేళ్ళ మీది ఇసుకని ఏదో వరద చదును చేసి పోయింది.

ప్లాస్టర్ పొడి. గరుకు కాగితం. గిరగిరా తిరిగే పాలిష్ చక్రం. ఇన్నేళ్ళూ ఎవరెవరి నవ్వులకో మెరుగు పెట్టాను — నా గుర్తు ఎటు పోయిందో చూసుకోలేదు.

మెట్ల దగ్గర మా ఆయన నిలబడి ఉన్నాడు.

మా ఆయన. ఈ మాట ఇంకా కొత్త. కొత్త చెప్పుల్లా అడుగడుక్కీ చప్పుడు చేస్తుంది.

మొదటిసారి నా చెయ్యి పట్టుకున్నప్పుడు తను అన్న మాట... "ఇంత నున్నగా ఉన్నాయేంటి? పట్టుకుంటే జారిపోయేలా ఉన్నావు." ఆ రోజంతా ఆ మాటని బుగ్గన దాచుకుని తిరిగాను.

ఇప్పుడు ఆ నునుపే మా ఇద్దరికీ అడ్డం నిలబడింది.

ఎందుకంటే ఉద్యోగం నాది. మేం వెళ్ళాల్సిన దేశంలో ఒక ల్యాబు నా కోసం ఒక కుర్చీ ఆపి ఉంచింది. నెలాఖరు వరకే. నా పాస్‌పోర్టు మీద స్టాంపు పడితేనే తన పాస్‌పోర్టు మీదా పడుతుంది. తనేమో బడిలో లెక్కల మాస్టారి ఉద్యోగానికి అప్పుడే రాజీనామా ఇచ్చేశాడు.

"ఏం మాస్టారూ, పెళ్ళాం కొంగు పట్టుకుని సముద్రం దాటేస్తున్నారట!" అన్నారట స్టాఫ్ రూములో.

"గట్టిగానే పట్టుకున్నాను సార్. నాకు ఈత రాదు," అన్నాడట.

ఆ మాట చెప్పి తను నవ్వాడు. నాకు మాత్రం నీళ్ళే కనిపించాయి. లోతుగా... నల్లగా...

చర్మం డాక్టరు అభయం ఇచ్చింది. గీతలు ఎక్కడికీ పోవు, లోపలే ఉంటాయి, పైకి వస్తాయి. సబ్బు వద్దు. రాపిడి వద్దు. ప్లాస్టర్ అసలే వద్దు.

ఇంటికి రాగానే మా ఆయన నా చేతులకి నూనె రాసి, నూలు తొడుగులు వేసి, రాజ్యం తన చేతుల్లోకి తీసుకున్నాడు. గిన్నెలు తోమాడు. బట్టలు ఉతికాడు. నాకు జడ వేశాడు — జడ కాదది, బావిలోకి వేసే తాడు. అన్నం కలిపి ముద్దలు పెట్టాడు.

"కొత్త కోడలొస్తే వంటింటి నుంచి నాకు సెలవు అనుకున్నా," అంది అత్తయ్య గుమ్మంలోంచి. "తీరా చూస్తే నా కొడుక్కి ఉద్యోగం దొరికింది."

"జీతం బాగుందమ్మా," అన్నాడు తను.

"ఆ, కనిపిస్తూనే ఉంది నీ మొహంలో."

అని, వెచ్చచేసిన నూనె గిన్నె నా పక్కన పెట్టి, ఏమీ ఎరగనట్టు వెళ్ళిపోయింది.

నాకు నవ్వొచ్చేది. తను పెట్టే ముద్ద కోసం నోరు తెరిచినప్పుడల్లా పిచ్చుకపిల్లనైపోయేదాన్ని. ఆనందం నాలుక మీద. భయం గొంతులో — ముల్లులా, మింగుడు పడకుండా.

పొద్దున్నే కిటికీ దగ్గర కూర్చోబెట్టి, తొడుగులు తీసి, భూతద్దంతో చూసేవాడు.

"వచ్చేశాయి! ఇదిగో... అల మీద అల!"

"అబద్ధం."

"ఒట్టు."

"చెవులు ఎర్రబడ్డాయి నీకు. అబద్ధమే."

ఏ పన్ను మీద ఏ గీత ఉందో కళ్ళు మూసుకుని చెప్పగల వేళ్ళు నావి. అవి నాకేమీ చెప్పడం లేదు. నా మీద జాలితో తను చెప్పే మాటని ఎలా నమ్మను?

ఒక మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ లేరు. తొడుగులు విప్పాను.

నా పనిసంచిలో పళ్ళ అచ్చు తీసే పొడి ఉంది. నీళ్ళు కలిపితే మెత్తటి గులాబీ రంగు ముద్దవుతుంది. అందులో చూపుడువేలు గుచ్చాను. బిగుసుకున్నాక బయటికి లాగాను. ఆ గుంటలో ప్లాస్టర్ పోశాను.

ఆరాక ఊడదీస్తే — తెల్లటి వేలు. చివర సన్నని అలలు!

ఉన్నాయి... నేనున్నాను!

మర్నాడు అదే వేలికి ఇంకో అచ్చు తీశాను. ఆ మర్నాడు ఇంకోటి. భయం అలాంటిది, ఒకసారి చూసుకుంటే ఊరుకోదు. అచ్చు అంచు గరుకుగా ఉంటే నా చెయ్యి ఊరుకోదు. చిన్న గరుకు కాగితం ముక్కతో నునుపు చేసేదాన్ని. పాతదానితో పోల్చి చూసుకునే తీరిక ఏది? కొత్త వేలు ఆరిందా, కిటికీలో పెట్టానా, తను వచ్చేలోగా తొడుగులు వేసుకున్నానా... అంతే.

కిటికీ గట్టు మీద వరసగా తెల్లటి వేళ్ళు. కర్టెన్ చాటున.

"అమ్మాయ్!" అత్తయ్య కేకకి గోడ మీది బల్లి కింద పడింది. "కిటికీలో ఎవరి వేళ్ళే అవి!"

"నావే అత్తయ్యా."

"నీవి నీకున్నాయిగా!"

మళ్ళీ ఆఫీసుకి వెళ్ళాల్సిన రోజుకి ముందు సాయంత్రం అది. ఆవిడ కర్టెన్ పక్కకి లాగింది. వాలిన ఎండ ఏటవాలుగా వచ్చి వేళ్ళ మీద పడింది. ఎండ అలా వాలినప్పుడే గీతలు తేలతాయి. మా పనిలో పన్ను మీది సొట్టని అలాగే పట్టుకుంటాం.

మొదటి వేలు. నిండా అలలు.

దాని పక్కది. కొంచెం తక్కువ.

ఆ పక్కది... ఆ పక్కది...

చివరి వేలు — నీళ్ళు ఇంకిన చెరువులో ఎండిన బంక మన్ను. ఏమీ లేదు.

విత్తనం మొలిచిందా లేదా అని రోజూ తవ్వి చూశాను. వద్దన్న ప్లాస్టర్‌నే కలిపి, వద్దన్న కాగితాన్నే పట్టుకుని... నా గీతల్ని నేనే అరగదీసుకున్నాను.

అక్కడే కూలబడ్డాను.

మా ఆయన వచ్చాడు. వరసంతా చూశాడు. మొదటి వేలిని చేతిలోకి తీసుకుని ఎండకేసి తిప్పి తిప్పి చూశాడు. తిడితే బాగుండును అనిపించింది.

"అంటే... వచ్చాయని నేను అన్నది నిజమే కదా," అన్నాడు.

అవును. నిజమే.

"మరి చెవులు?"

"నీ చెయ్యి పట్టుకుంటే ఎర్రబడవా, పిచ్చి మొహమా!"

అప్పుడు ఏడుపొచ్చింది. తన మాట నమ్మలేదు. ప్లాస్టర్ మాట నమ్మాను.

తెల్లారింది. మబ్బు పట్టింది. గాలికి దుమ్ము లేచి, వీధిలో సుడులు తిరిగి, మళ్ళీ ఏమీ ఎరగనట్టు పడుకుంది.

ఆఫీసు గుమ్మం దగ్గరే తనని ఆపేశారు. అప్లై చేసినవాళ్ళకే లోపలికి దారి.

"పళ్ళ మేడమ్ వచ్చారా!" అంది కౌంటర్ అమ్మాయి. నా చెయ్యి తాకి ఉలిక్కిపడింది. "ఇదేంటి, మంచుగడ్డలా ఉంది? చల్లబడితే ఉన్న గీతలు కూడా పడవు మేడమ్. వెళ్ళి వెచ్చచేసుకుని రండి. లోపలాయన ఇవాళ ఒక్క ఛాన్సే అన్నారు."

ఎలా వెచ్చచేసుకోను? చలి బయటిది కాదు. కడుపులోది.

గుమ్మం దగ్గరికి నడిచాను. "చేతులు మంచైపోయాయి," అన్నాను తనతో. నా రెండు చేతులూ తన దోసిట్లోకి తీసుకుని ఊపిరి ఊదాడు. మళ్ళీ ఊదాడు. చలికి గూట్లో ముడుచుకున్న పిట్టల్ని లేపినట్టు, ఒక్కో వేలినీ...

"ఏంటి సార్, ఇక్కడా?" అన్నాడు వాచ్‌మన్.

"వీసా పనే బాబాయ్," అన్నాడు తను తలెత్తకుండా.

లైనులో ఎవరో కిసుక్కుమన్నారు. సిగ్గూ భయమూ కలిసి నా చెంపలకి ఎక్కాయి. వేళ్ళ చివర్లకి మెల్లగా రక్తం వచ్చింది... వానకి ముందు చీమల్లా.

పరుగున వచ్చాను. కుడి చేతి నాలుగు వేళ్ళూ పెట్టాను.

పచ్చ.

అరిగిన వేలిని మిగతా మూడూ మోశాయేమో. ఎడమ చేతి నాలుగు వేళ్ళు... యంత్రం చాలాసేపు ఆలోచించి, ఆలోచించి —

పచ్చ.

"ఇక బొటనవేళ్ళు మేడమ్. రెండూ కలిపి."

పెట్టాను.

ఎరుపు లేదు. పచ్చ లేదు. కంప్యూటర్ తెర మీద ఒక చిన్న వలయం తిరుగుతోంది. తిరుగుతూనే ఉంది.

"చెయ్యి తీయొచ్చా?" అని అడిగాను.

"తీయండి. ఇక అది చెప్పాలి."

తీశాను.

గాజు మీద రెండు మసక మరకలు మిగిలాయి. ఆవిరి మరకలు. తను ఊదిన వెచ్చదనం. వంగి చూశాను. అల మీద అల... అల మీద అల... సన్నగా, అక్కడక్కడా తెగిపోయి, మళ్ళీ కలుసుకుంటూ.

నావే.

ఈసారి ఎవరి మాటా అక్కర్లేదు.

అంచుల నుంచి ఆవిరి ఆరిపోతోంది. వలయం తిరుగుతూనే ఉంది. గుమ్మం అవతల తను మునివేళ్ళ మీద లేచి చూస్తున్నాడు.

గాజు మళ్ళీ చల్లబడుతోంది...